మొతురిరిని ఇంగ్లీషులో ఏమంటారు

మతయోకి ఇంగ్లీషు వచ్చు. తంటా అంతా అక్కడే మొదలైంది.

ఆ మాటకొస్తే, నడిసముద్రంలో దీవి మీదున్న ఆ ఊళ్ళో అందరికీ అంతో ఇంతో వచ్చు. కాని మిగతావాళ్ళది బడిలో నేర్చి దుకాణంలో ఖర్చుపెట్టే ఇంగ్లీషు. మతయోది ఆక్లండ్‌లో ఒక హోటలు గుమ్మం ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళ పెట్టెలు మోస్తూ సంపాదించిన ఇంగ్లీషు. నున్నగా ఉంటుంది, వంగి నమస్కారం పెడుతుంది, ఎవరికి ఏది వినాలని ఉంటే అదే చెబుతుంది. అలాంటి భాష నోట్లో ఉన్నవాడికి నిజం చెప్పాలంటే కొంచెం కష్టమే.

అందుకే, క్రితంసారి విమానంలో దిగిన డెరెక్ ఫెన్‌విక్ అనే హోటళ్ళ ఆసామి రేవు మీద నిలబడి, పగడపు కట్ట లోపలి మడుగుకి ఆవలి అంచున ఉన్న పచ్చటి చుక్కని చూపించి, "ఆ చిన్న దీవి పేరేమిటి?" అని అడిగినప్పుడు మతయో "మొతురిరి" అని నిజమే చెప్పాడు గాని, "అంటే?" అని అడిగేసరికి తడబడ్డాడు. ఫెన్‌విక్ కళ్ళలోకి చూశాడు. అక్కడ ఏ జవాబు కావాలని ఉందో కనిపించింది.

"ప్రేమికుల దీవి" అన్నాడు.

"భలే! మీవాళ్ళు దాన్ని దేనికి వాడతారు?"

"దేనికీ వాడరండీ. కొబ్బరికాయలు రాలతాయి, పీతలు తింటాయి. మనుషులెవరూ వెళ్ళరు."

ఆ రెండు ముక్కలతో ఫెన్‌విక్ మనసు పారేసుకున్నాడు. కొత్తగా పెళ్ళైనవాళ్ళ కోసం అక్కడ పది కుటీరాలు కడతానన్నాడు. మతయోని మేనేజరుగా పెడతానన్నాడు. తెల్ల చొక్కా, ఫ్యాను కింద కుర్చీ, పెట్టెలు మోయడానికి వేరే మనిషి. మతయోకి కాళ్ళు నేల మీద ఆగలేదు. ఊరి పెద్దలతో మాత్రం "ఎవరో నలుగురు ఇంగ్లీషువాళ్ళు వనభోజనాలకి వస్తారట" అని తేల్చేశాడు. వనభోజనాలకి ఎవరు అడ్డుచెబుతారు? సరే అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. మొతు అంటే చిన్న దీవి. రిరి అంటే కోపం. అయితే కొట్టుకునే కోపం కాదు, తిట్టుకునే కోపం కాదు. పెళ్ళాం మొగుడి మీద తెచ్చుకునే కోపం. తెలుగువాళ్ళకి ఇంతకన్నా చెప్పక్కర్లేదు, అలక అంటే చాలు. మనవాళ్ళు అలక్కి ఒక పాన్పుతో సరిపెట్టారు, ఆ ఊరివాళ్ళు ఏకంగా ఒక దీవినే ఇచ్చేశారు.

ఎప్పుడో ఒకావిడ, మొగుడు తాను చేసిన తప్పుని ఆవిడ మీదకి నెట్టాడని ఒళ్ళుమండి, దోనె వేసుకుని అక్కడికి వెళ్ళి కూర్చుందట. ఆయన వెళ్ళి నీళ్ళలో నిలబడి, ఊరంతటికీ వినపడేలా, చేసిన తప్పేమిటో చెప్పేదాకా లేవలేదట. అప్పటినుంచీ అదే పద్ధతి. అలిగిన ఇల్లాలు తన మొగలి చాప తీసుకెళ్ళి ఒడ్డున సరుగుడు చెట్టుకి వేలాడదీస్తుంది. చాప వేలాడుతున్నంతసేపూ మగపురుగు ఆ ఇసుక మీద అడుగుపెట్టకూడదు. మొగుడు తన చేత్తో వండిన పందిని పడవలో వేసుకుని మడుగు దాటిరావాలి. నడుములోతు నీళ్ళలో నిలబడాలి. ఊరివాళ్ళ ముందు తప్పు చెప్పాలి. ఊరికే "తప్పైపోయింది" అంటే చెల్లదు, ఏ తప్పో చెప్పాలి. ఆవిడ చాప దించితే ఇంటికి, లేదంటే పోటు పెరిగి నీళ్ళు గడ్డం దాకా వచ్చినా సరే, అక్కడే.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని ఊరివాళ్ళ నమ్మకం. ఊళ్ళో చర్చి పాస్టరు కూడా ఒకసారి నిలబడ్డాడు. ఆ తరవాతి ఆదివారం వినయం మీద ప్రసంగం చేస్తే, అంత బాగా ఆయన ఎప్పుడూ చెప్పలేదన్నారు. కాని మతయోకి ఆక్లండ్ నీళ్ళు వంటపట్టాయి. ఇంగ్లీషువాడి ముందు ఇదంతా చెబితే నవ్వుతాడేమోనని భయం. నవ్వితే నవ్వాడు, తెల్లచొక్కా కూడా పోతుందేమోనని ఇంకా పెద్ద భయం.

సరుకుల ఓడ వచ్చినరోజు గుట్టు రట్టయింది. బియ్యం బస్తాల మధ్య నుంచి, ఫెన్‌విక్ ముందుగా పంపిన బోర్డు దిగింది. గులాబీరంగు మీద రెండు గుండెకాయలు, వాటి మధ్య ఇంగ్లీషులో 'ప్రేమికుల దీవి', కింద చీమంత అక్షరాల్లో మొతురిరి. రేవు మీదున్న వాళ్ళందరూ చదివారు. మతయో భార్య తెకురా రెండుసార్లు చదివింది.

ఇంటికొచ్చాక, తల్లి ముందు దొంగిలించిన బెల్లంముక్క దాచేవాడిలా బోర్డుని గోడకి తిప్పిపెట్టాడు మతయో.

"ఏమయ్యా, ఈ రెండు గుండెకాయలేంటి?" అంది తెకురా.

"అది ఇంగ్లీషు పేరే."

"దేనికి?"

"మొతురిరికి."

"దానికి పేరు లేదా?"

"ఉందనుకో. వాళ్ళకి అర్థం కావాలి కదా."

"వాళ్ళకి అర్థం కావాలని మన అర్థం మార్చేశావన్నమాట."

"అలకదీవి అని రాస్తే డబ్బిచ్చి ఎవడొస్తాడే? కొత్తగా పెళ్ళైనవాళ్ళు కదా వచ్చేది!"

"వాళ్ళకే ముందుగా తెలియాలి." తెకురా కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. "అయినా అక్కడికి ఎవరూ వెళ్ళరని చెప్పావట?"

"నీకెవరు చెప్పారు?"

"నువ్వే. నిద్రలో ఇంగ్లీషు మాట్లాడతావు. 'ఎవరూ వెళ్ళరు సార్, ఇటు రండి సార్' అని."

మతయో బోర్డుని ఇంకొంచెం గోడకి నెట్టాడు.

"మా అమ్మ కూర్చుంది అక్కడ. మా అమ్మమ్మ కూర్చుంది. మీ అమ్మయితే మీ నాన్న నిర్వాకానికి ఏటా కూర్చునేది, ఆ సరుగుడుకొమ్మ ఆవిడ చాప బరువుకే వంగిందంటారు. మేమెవరం మనుషులం కాదా? పీతలమా?"

"అబ్బా, ఊరికే అన్న మాటే అది!"

"ఆ దీవి పోతే మాకు మిగిలేదేంటో తెలుసా? గోడవైపు తిరిగి పడుకోవడం. నువ్వు గురక పెడుతుంటే, గోడతో చెప్పుకోవడం. గోడ నీళ్ళలో నిలబడి తప్పు ఒప్పుకోదు."

ఆమాట అని లేచింది. అరవలేదు, గిన్నె విసరలేదు. మూలనున్న చాప తీసి చుట్టడం మొదలుపెట్టింది. ఆ ఊళ్ళో మగవాళ్ళకి పెళ్ళాం అరిస్తే భయం లేదు, చాప చుడితేనే భయం.

మర్నాడు పొద్దున లేచి చూస్తే మడుగు ఆవలి అంచున, సరుగుడు కొమ్మకి తెకురా చాప ఎగురుతోంది. ఊరంతా చూసింది. మతయో చక్కెర కోసం దుకాణానికి వెళితే అక్కడ చేరినవాళ్ళంతా ఒక్కసారి గొంతు సవరించుకున్నారు.

"ఏం బావా, పంది ఎప్పుడు?" అన్నాడు దుకాణంవాడు.

"నీ పని చూసుకో."

"నా పని ఇదే కదా. ఉప్పు అమ్మాలి, పందికి ఉప్పు కావాలి."

ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడుందో మతయోకి నిజంగానే తెలియదు. అడగడానికి మనిషి లేదు. చక్కెర కొనకుండానే తిరిగొచ్చి మొండికేశాడు. ఎల్లుండి ఫెన్‌విక్ వస్తాడు. చూస్తాడు, సంతకం పెడతాడు, మధ్యాహ్నం విమానంలో వెళ్ళిపోతాడు. ఆ తరవాత తీరుబడిగా నీళ్ళలో దిగి వందసార్లు తప్పు చెప్పుకోవచ్చు. సంతకం పడ్డాక తప్పు చెప్పుకోవడానికి ఖర్చేముంది? ఇలా లెక్కవేసుకుని గుండె నిబ్బరం చేసుకున్నాడు. తన లెక్క తనకే నచ్చడం మతయోకి పుట్టుకతో వచ్చిన జబ్బు.

ఒక్క చిక్కొచ్చింది. ఇంటికొచ్చిన అతిథికి తిండి పెట్టకపోతే ఆ ఊళ్ళో ఏడుతరాలు చెప్పుకుంటారు. వండడానికి తెకురా లేదు. పక్కింటావిడని అడిగితే చేతికి బొబ్బ ఉందంది. ఎదురింటావిడని అడిగితే చెయ్యే లేనట్టు మాట్లాడింది. గుమ్మం గుమ్మం తిరిగాడు. ఏ గుమ్మంలోనూ ఆడవాళ్ళ చేతులు ఖాళీ లేవు.

చివరికి తానే గుంట తవ్వి, రాళ్ళు కాల్చి, పందిపిల్లని అరిటాకుల్లో చుట్టి గుంటపొయ్యిలో పెట్టాడు. పక్కన చేమదుంపలు, సీమపనసకాయలు. మేనత్త అకైతి, ఊరి ఆడవాళ్ళలో పెద్దది, గోడకి ఆనుకుని కూర్చుని ఆద్యంతం చూసింది. నోట్లో పళ్ళు నాలుగే ఉన్నా నవ్వుకి మాత్రం అవి చాలు.

"ఆకులు బాగా కప్పరా నాయనా. మాడితే మళ్ళీ మొదటికొస్తావు."

"వంట నాకు తెలుసత్తా."

"నీకు తెలియనిదేముంది. అన్నీ నీ చేత్తోనే చేశావు కదా?"

"మరెవరు చేశారు?"

"అదే, తెలుసుకుందామని" అంది అకైతి, ఎంతో సంతోషంగా.

అతిథుల హడావిడిలో పడి, ఆ ప్రశ్న ఎందుకడిగిందో మతయో ఆలోచించలేదు. అదే అతని కొంప ముంచింది.

విమానం దిగింది. ఫెన్‌విక్ పొడుగాటి మనిషి, ఎండకి అప్పుడే ముఖం కందిపోయింది. వెంట భార్య లోర్నా ఉంది. ఆవిడ మెడలో పూలదండ వేస్తే, ఎవరో తనని గుర్తించినందుకు ఆశ్చర్యపోయినట్టు నవ్వింది.

"టైము లేదు మతయో. ఒక్క చూపు చూస్తాను, సంతకం పెడతాను. లోర్నా, చూశావా ఆ నీలం? పెళ్ళిరోజు యాత్ర అంటే ఇలా ఉండాలి!"

"యాత్రలో కొలతల టేపు ఎందుకు, డెరెక్?" అంది లోర్నా.

ఫెన్‌విక్ వినలేదు. వినకపోవడం ఆయనకి బాగా అలవాటైనట్టే ఉంది.

"భోజనం దీవి మీదే చేద్దాం" అన్నాడు ఫెన్‌విక్.

 చాప వేలాడుతోంది, అడుగుపెట్టడానికి వీల్లేదు. కాని మతయోని హోటలు ఇంగ్లీషు ఆదుకుంది. "పగడపురాళ్ళు పదునండీ, పడవ ఒడ్డుదాకా వెళ్ళదు. చుట్టూ తిరిగి చూద్దాం, భోజనం పడవలోనే" అన్నాడు. వాళ్ళని మోటారుపడవ ఎక్కించాడు, మధ్యలో ఆకులపొట్లంతో సహా పందినీ ఎక్కించాడు.

రేవు మీద అకైతి కూర్చుని ఉంది. ఒళ్ళో శంఖం ఉంది.

"పందిని ఎక్కడికిరా?"

"భోజనం పడవలోనే అత్తా."

"వెళ్ళిరా నాయనా. మంచి పని, నువ్వు చేస్తావనుకోలేదు."

పడవ మడుగు సగం దాటింది. అప్పుడు వెనక శంఖం మోగింది. భూఁ అని, పగడపు కట్ట దాకా.

ఆ మోత వినగానే మతయోకి సంగతి వెలిగింది. తన చేత్తో వండిన పంది. తన పడవలో. మడుగు దాటుతోంది. ఎదురుగా తన పెళ్ళాం చాప. ఊరికి ఇంకేం కావాలి! పంది మడుగు దాటిందంటే మొగుడు దిగొచ్చినట్టే. దాన్ని వెనక్కి తిప్పితే ఇక ఆ ఇంట్లో ఆయుష్షంతా పొయ్యి వెలగదంటారు. తిరిగి చూశాడు. రేవు నుంచి దోనెలు బయలుదేరాయి. ఒకటి కాదు, ఊరు ఊరంతా. చేతికి బొబ్బ ఉన్న పక్కింటావిడ అందరికన్నా ముందు తెడ్డు వేస్తోంది.

"ఎవరు వాళ్ళంతా?" అన్నాడు ఫెన్‌విక్.

"మీ గౌరవార్థం వస్తున్నారండీ" అన్నాడు మతయో. పాపం, ఆ నోరు అప్పటికీ ఆగలేదు.

"ఎంత మంచి మనుషులు!" అని ఫెన్‌విక్ లేచి నిలబడి అందరికీ చెయ్యి ఊపాడు. వాళ్ళూ ఊపారు. పిల్లలైతే ఈలలు వేశారు.

దోనెలు అర్ధచంద్రంలా వచ్చి వెనక దారి మూసేశాయి. ఒడ్డున చాప కింద తెకురా నిలబడి మొలకెత్తిన కొబ్బరికాయలోని తెల్లటి పువ్వు తింటోంది. తొందర లేని మనిషి తిన్నట్టు తింటోంది.

"దిగరా" అంది అకైతి.

మతయో దిగాడు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. ఫెన్‌విక్‌కి "చిన్న ఆచారం లెండి" అని చెప్పి, తమ భాషలో, వీలైనంత మెల్లగా, "తెకురా, నీ మనసు కష్టపెట్టాను" అన్నాడు.

"ఊఁహూఁ!" అన్నాయి దోనెలన్నీ.

"వినబడలేదురా" అంది అకైతి. "వినబడ్డా చెల్లదు."

"నీకు చెప్పకుండా బోర్డు తెప్పించాను!"

"బోర్డు చెక్క" అంది తెకురా నములుతూ. "చెక్క మీద నాకేం కోపం?"

మతయో ఫెన్‌విక్ వైపు దొంగచూపు చూశాడు. ఆయనకి తమ భాష రాదు. ధైర్యం వచ్చింది. "మొతురిరికి లేని అర్థం చెప్పాను! ఇక్కడికి ఎవరూ రారని చెప్పాను! తప్పు!" అని గట్టిగా అరిచాడు.

 అందరూ తెకురా వైపు చూశారు. ఆవిడ చెయ్యి చాప వైపు వెళ్ళింది. మతయో ఊపిరి పీల్చుకోబోయాడు. చెయ్యి ఆగిపోయింది.

"ఆ అబద్ధం ఏ భాషలో చెప్పావు?"

"...ఇంగ్లీషులో."

"తప్పు ఏ భాషలో ఒప్పుకుంటున్నావు?"

"అద్దీ!" అని అకైతి తొడ చరిచింది. దోనె ఊగింది.

పోటు వస్తోంది. నీళ్ళు పొట్ట దాటాయి. మతయో ఒకపక్క ఫెన్‌విక్‌ని చూశాడు. ఆ జేబులో కలం కనిపిస్తోంది. తెల్ల చొక్కా, ఫ్యాను, కుర్చీ అన్నీ ఆ కలంలోనే ఉన్నాయి. ఇంకోపక్క తెకురాని చూశాడు. ఈ కొద్దిరోజులూ చక్కెర లేని టీ తాగాడు. తన గొప్పలు తనే చెప్పుకున్నాడు. మధ్యలో "అలా కాదు, ఇలా జరిగింది" అని దిద్దేవాళ్ళు లేక, ఆ గొప్పల్లో ఉప్పూకారం లేకుండా పోయాయి. ఆవిడ లేకపోతే అతనికి బాగాలేదు. అంతే, అంతకన్నా పెద్ద మాట ఏదీ లేదు.

"సార్" అన్నాడు ఇంగ్లీషులో. "ఆ పేరుకి అర్థం ప్రేమ కాదండీ."

"మరేమిటి?"

మతయో తన ఇంగ్లీషంతా వెతికాడు. స్వాగతం ఉంది. దయచేయండి ఉంది. ఇక్కడ మీ బస సుఖంగా సాగుగాక ఉంది. కావలసిన మాట మాత్రం లేదు.

"భార్య... వెళ్ళిపోతుందండీ. భర్త..."

"విడాకులా?" ఫెన్‌విక్ బెదిరిపోయాడు.

"అయ్యో కాదండీ! విడాకుల్లో తిరిగొచ్చేది ఉండదు. ఇందులో తిరిగిరావడమే ముఖ్యం."

"అయితే కోపమా?"

"కోపం అందరి మీదా వస్తుందండీ. ఇది మొగుడి మీదే వస్తుంది."

"విశ్రాంతా? సెలవా?"

"మొగుడికి కాదు" అన్నాడు మతయో.

పడవలోంచి లోర్నా నవ్వింది. అంత పెద్దగా నవ్వుతుందని ఆవిడని చూస్తే అనిపించదు. "దానికి ఇంగ్లీషులో మాట లేదు, డెరెక్. పని మాత్రం మనింట్లోనూ ఉంది. నువ్వు చూడలేదంతే" అంది.

ఇక మతయోకి అడ్డు తొలిగిపోయింది. "ఇంకో అబద్ధం కూడా చెప్పానండీ. ఇది ఖాళీగా లేదు. మా ఊరి ఆడవాళ్ళందరూ వస్తారు. మా అమ్మ వచ్చి కూర్చునేది. మా నాన్న ఇక్కడే, నేను నిలబడ్డచోటే నిలబడేవాడు. మీరు కుటీరాలు కడితే మా ఆవిడ చెప్పే మాట వినడానికి నాకు చోటు ఉండదు. ఇల్లుంది గాని, ఇంట్లో నేను విననండీ."

ఆ చివరి మాట అతను అనుకుని అన్నది కాదు. దానంతటదే వచ్చింది. తెకురా విన్నది. చేతిలో కొబ్బరిపువ్వు పక్కన పెట్టి, చాప దించింది.

దోనెల్లో కేకలు మిన్నుముట్టాయి. అకైతి అప్పటికే ఆకులపొట్లం విప్పించింది. పంది ఒక్కపక్క మాడింది, ఎవరూ పట్టించుకోలేదు. తెకురా మొదటిముద్ద తిని, "ఉప్పు తక్కువ" అంది. దుకాణంవాడు దోనెలోంచి మతయో వైపు అదోలా చూశాడు.

"మరి మన ఒప్పందం..." అన్నాడు ఫెన్‌విక్, ఎవరిని అడగాలో తెలియక.

అప్పుడు లోర్నా చెప్పులు విప్పింది. "నేను దిగొచ్చా అమ్మా?" అని అకైతిని అడిగింది. "నేను ఈ ఊరిదాన్ని కాదు."

"మొగుడున్నాడుగా" అంది అకైతి. "ఇక్కడ చూసేది ఆ ఒక్కటే."

లోర్నా నీళ్ళలో దిగి నడుచుకుంటూ ఒడ్డుకి వెళ్ళింది. తెకురా తన చాప ఆవిడ చేతికిచ్చి, ఏ కొమ్మకి వేయాలో చూపించింది. చాప మళ్ళీ పైకెగిరింది.

"లోర్నా! విమానం పోతుంది!" అని అరిచాడు ఫెన్‌విక్.

"పోదండీ" అని ఒక దోనెలోంచి జవాబొచ్చింది. చూస్తే పైలట్ చేతిలో పందికాలు పట్టుకుని కూర్చున్నాడు. "చాప వేలాడుతుంటే ఎలా ఎగురుతానండీ? మా ఆవిడకి తెలిస్తే నేనూ ఇక్కడికే రావాలి."

మతయో ఇంగ్లీషులో పద్ధతి చెప్పాక, చేసేది లేక ఫెన్‌విక్ ప్యాంటు మడిచాడు. మడవడం దండగ, నీళ్ళు నడుము దాటాయి. "సారీ, డియర్!" అన్నాడు.

"ఊఁహూఁ!" అంది ఊరు. ఆ మాటకి ఏ భాషలోనైనా అర్థం ఒకటే.

ఫెన్‌విక్ ఆలోచనలో పడ్డాడు. "మీ చెల్లెలి కుక్క తప్పిపోయింది చూడు... ఆ రోజు గేటు తెరిచి వదిలేసింది నేనే."

"అది నువ్వా!" అని లోర్నా నడుం మీద చేతులు పెట్టుకుంది.

దోనెలు పులకించిపోయాయి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు అంతగా రానివాళ్ళకి తర్జుమా చేస్తున్నారు.

"అది కాదా? అయితే మీ అమ్మగారి పింగాణీ గిన్నె..."

"పిల్లి అన్నావు!"

"సార్, సార్!" మతయో ఈదుకుంటూ పక్కకి వచ్చాడు. తనకిది కొత్త కాదు, తండ్రిని చూసి నేర్చుకున్న విద్య. "ఆవిడకి తెలియనివి చెప్పకండి. కొత్తవి తవ్వితే తెల్లారేదాకా ఇక్కడే ఉండాలి. ఆవిడకి తెలిసింది, మీకు తెలియదని ఆవిడ అనుకుంటున్నది, అదొక్కటి చెప్పండి."

"అదేమిటో నాకెలా తెలుస్తుంది?"

"కొలతల టేపు ఎందుకు తెచ్చారు సార్?"

 ఫెన్‌విక్ కందిన ముఖం ఇంకా కందింది. ఒడ్డున ఉన్న భార్యని ఆ రోజు మొదటిసారి చూస్తున్నట్టు చూసి, "పెళ్ళిరోజని చెప్పి తీసుకొచ్చాను. పని మీద వచ్చాను. పెళ్ళిరోజు గుర్తుంది, లోర్నా. కాని దాన్ని కూడా పనికి వాడుకున్నాను" అన్నాడు.

లోర్నా చాప దించింది. దోనెల్లో ఎవరో ఉకులేలే తీగలు మీటడం మొదలుపెట్టారు.

తడిబట్టలతో పడవెక్కాక ఫెన్‌విక్‌కి వ్యాపారం గుర్తొచ్చింది, రక్తంలో ఉన్నది ఎక్కడికి పోతుంది! "అంటే, దీవిలో సగం మీరు ఉంచుకుని, మిగతా సగం..." అని మొదలుపెట్టాడు.

"అద్దెకి తీసుకుంటావా?" అంది లోర్నా, ఎముక చీకుతూ. "తీసుకో. మళ్ళీ అలిగితే నేనెక్కడికి వెళ్ళాలి?"

ఫెన్‌విక్ కలం జేబులోంచి బయటికి రానేలేదు. అది తడిసి, సిరా కారి, చొక్కా మీద మచ్చ పడింది.

మతయోకి తెల్లచొక్కా రాలేదు. గులాబీరంగు బోర్డుని అకైతి తన పందులదొడ్డికి తలుపుగా పెట్టుకుంది. ఇప్పుడు ఊళ్ళోకి వచ్చినవాళ్ళకి ముందుగా కనిపించేవి రెండు గుండెకాయలు, వాటి వెనక గుర్రుగుర్రుమనే ప్రేమికులు.

వానలు వెలిశాక ఒకరోజు, దుకాణంలో ఫోను మోగింది. మతయోకి ఆక్లండ్ నుంచి. తెకురా కూడా వెంట వెళ్ళింది.

"మతయో! లోర్నా మొతురిరికి వెళ్ళింది!" అన్నాడు ఫెన్‌విక్ ఇంగ్లీషులో, వాక్యం మధ్యలో ఆ మాట ఎప్పటినుంచో ఉన్నట్టు.

"ఇక్కడికా? విమానం ఇవాళ లేదే!"

"అక్కడికి కాదయ్యా, మేడమీది గదికి. తలుపుకి తువ్వాలు వేలాడదీసింది. మొన్న మా హోటల్లో కూడా ఒకావిడ అదే అంది, 'మా ఆయన మారకపోతే నేను మొతురిరికి వెళతాను' అని. లోర్నా ఎంతమందికి నేర్పిందో! సరే, ఇక్కడ పందిని కాల్చనివ్వరు. కోడి చెల్లుతుందా?"

మతయో ఫోనుకి చెయ్యి అడ్డంపెట్టి భార్యని అడిగాడు.

"ఎవరు వండారట?" అంది తెకురా.

"తనేనట."

"అయితే చెల్లుతుంది. నీళ్ళో?"

"స్నానాలతొట్టిలో నిలబడి మాట్లాడుతున్నాడట."

"తలుపు తీసి అరవమను. వీధిలోకి వినబడాలి."

ఆ సంగతి చెప్పి మతయో ఫోను పెట్టేశాడు. ఇద్దరూ ఇంటికి నడుస్తున్నారు. మడుగు ఆవల మొతురిరి ఎండలో పడుకుని ఉంది. కొమ్మకి చాప ఏదీ లేదు.

"ఇంతకీ దాన్ని ఇంగ్లీషులో ఏమన్నాడు?" అంది తెకురా.

"మొతురిరి అనే అన్నాడు."

"మరి నువ్వు ఆ రోజు రేవు మీద, అడిగినప్పుడే, ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుని ఉండొచ్చుగా?"

దీనికి మతయో దగ్గర మంచి జవాబే ఉంది. నున్నటిది, వంగి నమస్కారం పెట్టేది. నోరు తెరిచాడు. గుమ్మంలోంచి ఇంటి మూల కనిపించింది. అక్కడ చుట్టిపెట్టిన చాప కనిపించింది.

"తప్పే" అన్నాడు.

"ఏ తప్పు?" అంది తెకురా.